ఫోన్లకు చేరని బంద్

ఆదిలాబాద్‌లోని ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా నిర్లక్ష్యం వల్లే రైతుల పత్తి తడిసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. తప్పు నేను కరీంనగర్‌లో కూర్చుని తయారుచేసిన యాప్‌ది. అంటే నాది.

అంతకుముందు ఆ మిల్లుకు నేనే ఒక వెబ్ పేజీ చేసి ఇచ్చాను. పత్తి ధర, ఆ రోజు కొనుగోలు ఉందా లేదా, అంతే. గుమాస్తా పొద్దున్నే మారిస్తే ఊళ్లలో రైతులు చూసుకుని బండి కిరాయికి మాట్లాడుకునేవారు. నా వైపు తప్పు దొర్లినా అప్పటికప్పుడే దిద్దేవాణ్ణి. పేజీ మళ్లీ తెరిచిన అందరికీ సరైనదే కనబడేది. కానీ పక్క మిల్లుకు యాప్ ఉందని, తనకూ కావాలని మిల్లు యజమాని సేటుకు ఒకటే పట్టుదల. వద్దని చెప్పాల్సింది నేను. ఉత్త పేజీలు చేసేవాడు అనిపించుకోవడం నాకూ చిన్నతనంగా ఉండేది. సరేనన్నాను. పాత పేజీని నా చేత్తోనే తీసేశాను.

రెండు రకాల ఫోన్లకు ఒకే పనిని రెండుసార్లు రాశాను. సిగ్నల్ లేని ఊళ్లలోనూ తెరుచుకోవాలని, చివరగా చూసిన సమాచారం ఫోన్లోనే ఉండేలా చేశాను. సిగ్నల్ వచ్చాక కొత్తది తెచ్చుకోవాల్సిన చోట పొరపాటు చేశాను. పాతదే కొత్తదిలా కనబడుతూ ఉండిపోయింది.

యంత్రం చెడి కొనుగోలు ఆగిన రోజు గుమాస్తా ఫోన్ చేశాడు.

“సార్, పొద్దుగాల్నే బందని పెట్టిన. గీ రైతుల ఫోన్లల్ల ఇంకా కొనుగోలు చాలూ ఉన్నదనే వస్తుంది. గేటు కాడ బండ్లు లైను కట్టినయ్. మబ్బు వట్టింది, జర జల్ది చూడుండ్రి.”

వెనక ఎవరో రైతు అరుస్తున్నాడు: “గా యాప్ చేసినాయన్ను తోలుండ్రి! కప్పెతందుకు పట్టా సాల్తలేదు, పత్తి మీద ఆయన్నే పండవెడ్తం!”

పొరపాటు త్వరగానే దొరికింది. దిద్దినదాన్ని ఫోన్లకు చేర్చడమే నా చేతిలో లేదు. యాప్ స్టోర్ల వాళ్లు పరిశీలించి ఒప్పుకోవాలి. ఒకచోట ఇంకా పరిశీలనలోనే ఉంది. ఇంకోచోట, దీనితో సంబంధమే లేని ఏదో వివరణ సరిపోలేదని తిప్పి పంపారు. ఒప్పుకున్నాక కూడా రైతులు అప్‌డేట్ చేసుకోవాలి. చాలామంది ఫోన్లలో జాగా లేదు. మర్నాడు కూడా బండ్లు వచ్చాయి. వాన పడింది. తడిసిన పత్తిని ఎవరూ కొనలేదు.

“గుమాస్తా బందని టైముకు పెట్టిండా, లేదా?” అని సేటు నన్ను అడిగాడు.

“కొంచెం ఆలస్యమైందేమో” అన్నాను. గుమాస్తా పని పోయింది.

మొన్న వెళ్లి సేటుకు ఉన్నదున్నట్టు చెప్పాను. “గిప్పుడెందుకన్నా గవన్నీ? ఆ యాప్ తీసేసి ఎన్నొద్దులాయె” అన్నాడు, ఫోన్ చూసుకుంటూనే.

గుమాస్తా ఇంటికీ వెళ్లాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలో నిలబడే విన్నాడు.

“గప్పుడు ఒక్క మాట చెప్తే అయిపోతుండె సార్. ఇప్పుడు ఏ మిల్లుకు పోయినా, పత్తి తడిపినోడు వచ్చిండంటరు. మీరు ఎందరికని చెప్తరు?”

అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డ రైతుల్లో ఒక్కరైనా దీన్ని చదువుతారన్న నమ్మకం నాకు లేదు.