అత్తగారి కందుల్లో బ్రోమైడు

పక్కింటావిడ కందులకు పురుగు పట్టిందంటే ఆ వారమంతా మా అత్తగారికి పండగే. "ఎర్రమన్ను కట్టను చేతగానోళ్ళకు కందులెందుకంట?" అని గోడ అవతలికి వినబడేలా అనేది. కందులకు ఎర్రమట్టి నీళ్ళు పట్టించి, ఎండబెట్టి, బానలో దాచడం అరవదేశంలోని మా ధర్మపురి వైపు పాత పద్ధతి. అత్త బానలో మాత్రం ఏడాదైనా ఒక్క పురుగు కనబడేది కాదు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి ఆమె దగ్గర పాఠం చెప్పించుకునేవారు.

డెబ్బైల మొదట్లో నేను ఊళ్ళోనే ఒక ప్రయోగశాలలో కొత్తగా చేరాను. గోడౌన్లలో పురుగు చావడానికి మందు గ్యాసు పెడతారు కదా, అది గింజల్లో ఎంత మిగిలిందో చూడడం నా పని. గింజల్ని పొడి చేసి, మూసలో కాల్చి, ఆ బూడిదలో మందు వదిలిన బ్రోమైడు వెతకాలి. పోల్చి చూసుకోవడానికి మందు ముట్టని గింజలు కూడా కావాలి. "మా ఇంట్లో ఉన్నాయి సార్" అని గొప్పగా చెప్పి, ఒక శేరు కందులు పట్టుకెళ్ళాను.

ఏముంది! గోడౌన్ కందులకన్నా మా అత్త కందుల్లోనే బ్రోమైడు ఎక్కువ.

"గాజుసామాను కడగడమే రాదు నీకు" అన్నాడు ఆఫీసరు. "శుక్రవారంలోగా లెక్క సరిగ్గా రాకపోతే నిన్ను పర్మనెంటు చెయ్యొద్దని రాసేస్తా." కడిగాను. చేతులు పొక్కేదాకా కడిగాను. మూడుసార్లు చేసినా అదే లెక్క. ముందు ఏడుపొచ్చింది, తర్వాత అనుమానమొచ్చింది.

గురువారం అత్త సంతకు పోగానే బానలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. అడుగున చిన్న గుడ్డమూట, అందులో పగిలిన గాజుగొట్టం. పురుగులమందుది! గింజల మధ్య పెట్టి నలిపితే గ్యాసవుతుంది.

అత్త వచ్చేసరికి దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళు మండిపోతోంది. "ఇదేంది అత్తా? ఇదేనా నీ ఎర్రమన్ను? ఇంటిల్లిపాదికీ ఇదేనా పెడతా ఉండేది?"

"అరవొద్దే, గోడకు చెవులుంటాయి. గాలికి ఆరబెట్టే కదా వండినాను. మూడేండ్ల కింద నా కందులకూ పురుగు పట్టింది. ఇంత మాట్లాడినదాన్ని, ఎట్ల చెప్పుకొనేది? మా అన్న మొరప్పూరు నుంచి తెచ్చిచ్చినాడు. ఎవరికీ చెప్పొద్దే తల్లీ, వీధిలో తలెత్తుకోలేను."

"నీ కందుల్లో మందు తేలినందుకు నా లెక్కే తప్పంటా ఉండాడు ఆఫీసరు. నీ పరువు నిలిస్తే రేపు నా ఉద్యోగం పోతాది అత్తా."

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. నాకు కోపమూ పోలేదు, జాలీ ఆగలేదు.

శుక్రవారం నేను బిక్కమొహం వేసుకుని ఆఫీసరు ముందు నిలబడి ఉంటే, గుమ్మంలో అత్త! ఆ గుడ్డమూట తెచ్చి బల్ల మీద ఠక్కున పెట్టి, అరవంలో చెప్పింది: "మా పిల్ల లెక్క సరిగ్గానే ఉంది సామీ. అబద్ధం నాది."

ఆఫీసరు గాజుముక్కల్ని తిప్పి తిప్పి చూశాడు. నవ్వాపుకుంటూ నా లెక్క కాగితం మీద సంతకం చేశాడు. "మరి మందు ముట్టని కందులు ఎక్కడ దొరుకుతాయమ్మా?"

అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"మా పక్కింట్లో తీసుకోండి సామీ. మొన్ననే చూసినాను, పురుగులు కుప్పలుగా ఉండాయి."