అక్టోబరు క్లిప్పు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో, ఇస్త్రీ గది గోడకు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక తీగ కట్టి ఉండేది. తీగకు వరసగా అట్టముక్కలు వేలాడేవి. ఒక్కో అట్ట ఏడాదిలో ఒక్కో వారం. పనివాళ్లలో ప్రతి ఒక్కరికీ తనదని గుర్తుపట్టేలా రంగు పూసిన బట్టల క్లిప్పు ఒకటి ఉండేది. ఏడాది మొదట్లో ఒక పూట యంత్రాలు ఆపేవారు. సర్వీసు ఎక్కువ ఉన్నవాళ్లతో మొదలుపెట్టి ఒకరి తర్వాత ఒకరు వెళ్లి, తమకు సెలవు కావలసిన వారానికి క్లిప్పు తగిలించేవారు. ఒక అట్టకు రెండు క్లిప్పులే. ఆ పైన వచ్చినవాళ్లు ఇంకో వారం వెతుక్కోవాలి. ఏడాది పొడవునా ఒళ్లు హూనం చేసుకున్న మనిషి తనకు రావలసిన ఒక్క వారం విశ్రాంతిని పక్కమనిషి చేతిలోంచి లాక్కోవలసి రావడం అన్యాయం. అంతా వరసప్రకారం జరుగుతుంది గనుక అది అన్యాయంగా కనిపించేది కాదు.

పెద్దక్క క్లిప్పు నీలం. ఆమెను అందరూ పెద్దక్క అనే పిలిచేవారు, దుప్పట్ల వ్యాను నడిపే, వయసులో ఆమెకన్నా పెద్దవాడైన వ్యాను బాబాయితో సహా. ఆమె పని రోలరు దగ్గర. తడి దుప్పటి అంచులు రెండు చేతులతో లాగిపట్టి, ముడత పడకుండా, కాలే రోలరు కిందికి పంపాలి. అవతలి వైపు నిలబడి, వచ్చిన దుప్పటిని అందుకుని మడతపెట్టేది రేడియో. ఆ పేరు ఎందుకు పెట్టారో ఆమె పక్కన కాసేపు నిలబడితే చాలు, తెలిసిపోతుంది. ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఆవిరే. పెద్దక్క పని దిగి ఇంటికి చేరాక కూడా చాలాసేపు ఆమె ముఖం పొయ్యి ముందు నుంచి లేచి వచ్చినట్టు ఉండేది.

లాండ్రీ మొదట ఆసుపత్రిదే. తర్వాత దాన్ని ఒక కంపెనీకి అప్పగించారు. అప్పగించిన రోజు నుంచే అందరి సర్వీసూ లెక్క అని కంపెనీ ప్రకటించింది. అంతకుముందు ఆమె రోలరు ముందు నిలబడిన ఏళ్లన్నీ ఒక్క ప్రకటనతో లేకుండా పోయాయి. దానికి వాళ్లు పెట్టిన పేరు సర్దుబాటు. ఒక మనిషి బతుకులోంచి అన్నేళ్లు ఎత్తుకుపోవడానికి అంత మర్యాదైన మాట ఎవరు వెతికిపెట్టారో తెలియదు. అందరి సర్వీసూ ఒకే రోజున మొదలయింది గనుక వరస తేల్చడానికి చీటీలు వేశారు. పెద్దక్కకు ఆఖరి చీటీ వచ్చింది. అప్పటి నుంచి ఆమె నీలం క్లిప్పు ఏటేటా జనవరి మీదో, ఫిబ్రవరి మీదో వేలాడింది.

పనివాళ్లు కొన్నాళ్లు పని ఆపి గేటు ముందు కూర్చున్నారు. పోయిన సర్వీసు తిరిగి రాలేదు. చివరికి కంపెనీ సంతకం పెట్టిన ఒప్పందంలో వాళ్లకు దక్కినది ఒక్కటే: ఒకసారి తగిలించిన క్లిప్పును దాని సొంతదారు చెయ్యి తప్ప మరో చెయ్యి కదపరాదు.

"సర్వీసంతా పోగొట్టుకుని బట్టల క్లిప్పు తెచ్చుకున్నాం. ఇంటికెళ్లి దిష్టి తీయించుకుందాం," అంది పెద్దక్క ఆ రోజు.

ద్వీపం సంగతి ఒక తువ్వాలుతో మొదలయింది. ఎక్కడిదో ఏమో, దుప్పట్ల మూటలో కలిసి ఒక పెద్ద తువ్వాలు వచ్చింది. దాని మీద మధ్యధరా సముద్రంలోని ఒక ద్వీపం బొమ్మ అచ్చువేసి ఉంది: తెల్లటి ఇళ్లు, నీలం నీళ్లు, నెత్తిమీద పళ్లెమంత సూర్యుడు. ఎవరూ మాదని రాలేదు. పెద్దక్క దాన్ని బట్టలు మార్చుకునే గదిలో మేకుకు తగిలించింది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసేది. కొన్నాళ్లకు చూడటం మానేసింది, కాని తీయనివ్వలేదు. ఆ నీళ్లలో ఒక్కసారి నడుం లోతున నిలబడాలని ఆమెకు ఉండేది. ఆయన కూడా పక్కన ఉండాలి. కోరిక అంతే.

ఆయన అంటే భర్త. స్కూలు బస్సు నడుపుతాడు. తెల్లవారకముందే వెళతాడు, ఆమెది మధ్యాహ్నం షిఫ్టు. వాళ్ల కాపురంలో ఎక్కువ భాగం ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితాలతో నడిచింది. "పాలు లేవు." "తెచ్చా." "కుళాయి కారుతోంది." "చూశా, కారుతోంది." వాళ్లుండే దేశంలో ఎండలూ పెద్ద బడి సెలవులూ జూలై, ఆగస్టుల్లో. స్కూలు మూసినప్పుడు తప్ప ఆయనకు సెలవు లేదు, స్కూలు మూసే వారాలు ఆఖరి చీటీ దాకా మిగిలేవి కావు.

చీటీ వరసలో పెద్దక్కకు పైనున్నవాళ్లు ఒక్కొక్కరే పని మానారు, లేదా పనే వాళ్లను మాన్పించింది. ఒక ఏడాది చివర పైన ఇక ఎవరూ లేరని తేలింది. వచ్చే ఏడాది క్లిప్పుల తగిలింపులో మొదటి క్లిప్పు ఆమెదే. అదే వారంలో కంపెనీ ఇంకో సంగతి చెప్పింది: ఈసారితో తీగ సరి, ఆ మరుసటి ఏడాది నుంచి సెలవులు కంప్యూటరు తెర మీద, పని అవసరాన్ని బట్టి. అంటే ఆమె వంతు మొదటిదీ, ఆఖరిదీ కూడా అదే.

టీ వేళకు రేడియో మొదలుపెట్టింది. "ఆలోచనేముంది పెద్దక్కా, ఆగస్టు! ఎండ లేనప్పుడు సముద్రానికి పోయి ఏం చేస్తావు, చేపలు లెక్కపెడతావా?"

"ఎండా? నేనేమన్నా ఇన్నేళ్లూ నీడపట్టున ఉన్నానా? ఈ రోలరు ముందు నాకు రోజూ ఆగస్టే. మళ్లీ డబ్బులిచ్చి వేరే పోయి ఉడకాలా?"

"అయితే ఏప్రిల్," అన్నాడు వ్యాను బాబాయి. ఆయన ఒకసారి కూతురితో అలాంటి ద్వీపానికి పోయివచ్చాడు. ఆ విషయం గోడలక్కూడా తెలుసు. "కొండల నిండా పూలు. జనం లేరు. ఎంత దూరం నడిచినా చెమట పట్టదు."

"నీళ్లు?"

బాబాయి గ్లాసులోకి చూశాడు. "నీళ్లలో కాలు పెట్టా. ప్రాణం జివ్వుమంది. మోకాలు దాటలేదు."

"మరి పూలు చూడ్డానికి అంత దూరం ఎందుకు బాబాయ్, ఆసుపత్రి గేటు దగ్గర అమ్ముతారుగా?" అంది రేడియో.

మే నెల అన్నివిధాలా బాగుంటుందని అందరూ ఒప్పుకున్నారు. మేలో స్కూలు ఉంటుంది. జూన్‌లో పరీక్షలు. జూలైలో స్కూలు మూస్తారు. ఆ నెలలో ద్వీపం మీద ఇసుక కనబడనంత జనం, అద్దె గదుల్లో ఊపిరాడదు అన్నాడు బాబాయి. సెప్టెంబరులో మళ్లీ బడి గంట. ఒక్కో నెలనూ ఎత్తి చూసి, ఏదో ఒక మరక కనిపించి పక్కన పడేస్తున్నట్టు సాగాయి ఆ మాటలు. పెద్దక్క ఇక వినడం మానేసి రోలరు వైపు చూస్తూ కూర్చుంది. యంత్రం ఆపి చాలాసేపయింది. అయినా దాని పైన గాలి ఇంకా కదులుతోంది.

ఆదివారం ఆయనతో చెప్పింది. "అక్టోబరు ఆఖరి వారం. మీ స్కూలుకి వారం సెలవుగా?"

"అక్టోబరా? అప్పటికి నీళ్లు చల్లబడిపోవూ?"

"మా రోలరు ఆపేశాక కూడా చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టనివ్వరు, తెలుసా? నిదానంగా వేడెక్కేది నిదానంగానే చల్లారుతుంది. సముద్రం ఎంత పెద్ద రోలరో చూసుకో. ఎండాకాలమంతా కాగి ఉంటుంది. ఏప్రిల్‌లో ఇంకా వేడెక్కనే లేదు, అందుకే బాబాయికి జివ్వుమంది."

"వాన పడితేనో?"

"తడిబట్టలతో బతికేదాన్ని, వానకి కరిగిపోతానా?"

ఆయన ఆమె మాటను తీసిపారేయలేదు గాని అక్కడితో వదిలేయనూ లేదు. మర్నాడు బస్సు ఆపి, వీధి చివర ప్రయాణాల ఆఫీసులో అడిగి వచ్చి ఫ్రిజ్ మీద కాగితం అంటించాడు: "నువ్వు చెప్పిందే నిజం. అక్టోబరు నీళ్లు మే నీళ్ల కన్నా వెచ్చనట. సగం దుకాణాలు మూసేస్తారట. పడవలు తక్కువట. వాన పడొచ్చట. నేను సరే." కింద మళ్లీ చిన్నగా: "కుళాయి బాగుచేశా."

తగిలింపు రోజున గదంతా చూస్తుండగా పెద్దక్క కుర్చీ జరుపుకుంటూ తీగ వెంట నడిచింది. జూలై దాటింది. ఆగస్టు దగ్గర వెనకున్నవాళ్ల ఊపిరి ఆగింది. ఆ వారాలు ఆమెకు అక్కర్లేదని ఎవరూ నమ్మలేదు. ఆమె ఇంకా ముందుకు పోయి, కుర్చీ ఎక్కి, అక్టోబరు ఆఖరి అట్టకు నీలం క్లిప్పు తగిలించి దిగింది. దిగేటప్పుడు భుజం పట్టుకుంది. ఈమధ్య చేతులు పైకెత్తితే భుజాల్లో సూది గుచ్చినట్టుంటోంది.

"చక్కగా అరిటాకు పరిస్తే పంక్తి చివరికి పోయి కూర్చున్నట్టుంది నీ వ్యవహారం," అని గొణిగింది రేడియో, తన పసుపు క్లిప్పు ఆగస్టు కోసం సిద్ధం చేసుకుంటూ.

సెప్టెంబరులో కంపెనీ ఇంకో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని ఒప్పుకుంది. మనుషులను పెంచలేదు. అక్టోబరు సెలవులన్నీ రద్దు చేసి, జనవరికి మార్చుకోమంది. మిగతావాళ్లు తమవి తీసేసుకున్నాక అక్టోబరు ఆఖరి అట్ట మీద మిగిలినది ఒక్క నీలం క్లిప్పే.

చెప్పడానికి సూపర్వైజరు వచ్చింది. ఆమె ఒకప్పుడు ఇదే రోలరుకు అవతలి వైపు నిలబడి మడతలు పెట్టిన మనిషి. పెద్దక్క ఆమెను ఇప్పటికీ చెల్లీ అనే పిలుస్తుంది.

"అక్కా, అక్టోబరుది తీసెయ్యాలి."

"టిక్కెట్లు తీసుకున్నాం చెల్లీ."

"చెప్పాను పైవాళ్లకి. తీగ మీద ఆ వారం ఖాళీగా కనబడాలంటున్నారు. లేకపోతే నా మెడకు చుట్టుకుంటుంది." ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. ఆ మాట అబద్ధం కాదు. తమ చేతికి మట్టి అంటకుండా ఒక అలసిన మనిషి మీదికి ఇంకో అలసిన మనిషిని ఉసిగొల్పడం పైన కూర్చున్నవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పని.

పెద్దక్క వాదించలేదు. ఉదయం నుంచి రెండు ఆసుపత్రుల దుప్పట్లూ పంపుతూనే ఉంది. తీగ వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది. కుర్చీ గదికి ఆ మూల ఉంది. దాన్ని లాక్కొచ్చి, ఎక్కి, చేతులు తలపైకి ఎత్తాలి.

"నాకు చెయ్యి లేవట్లేదే," అంది. "నువ్వే తీసుకో."

రేడియో మడత ఆపింది. సూపర్వైజరు కుర్చీ తెచ్చుకుంది, ఎక్కింది, చెయ్యి ఎత్తింది. చెయ్యి క్లిప్పుకు జానెడు దూరం దాకా వెళ్లింది. ఆ ఒప్పందం కోసం గేటు ముందు కూర్చున్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

"నేను తియ్యకూడదు గదక్కా," అంది పైనుంచే.

"తియ్యకూడదు."

"నువ్వు తియ్యాలి."

"ఓపిక లేదంటున్నాగా. అయితే ఉండనీ."

సూపర్వైజరు కుర్చీ దిగింది.  తర్వాత ఆమె ఆఫీసు గదిలోకి పోయి ఫోనులో చెప్పడం తలుపు సందులోంచి వినబడింది: "లేదు సార్. సొంతదారు తియ్యలేదు. నేను తీస్తే ఒప్పందం తప్పినట్టు. మీరొచ్చి తీస్తారా సార్?" పైవాళ్లు ఎవరూ రాలేదు. వస్తే పనివాళ్లు గేటు ముందు మళ్లీ కూర్చుంటారని వాళ్లకు తెలుసు.

ఆ రోజు పెద్దక్క గొప్ప ధైర్యం చేసిందని ఇప్పటికీ అంటారు. ఆమె ఒప్పుకోదు. కుర్చీ దగ్గరుండి ఉంటే ఎక్కి తీసేసేదాన్నే అంటుంది. అది నిజమే కావచ్చు. అందువల్ల జరిగినదాని విలువ తగ్గదు. హక్కులు వీరుల కోసం రాసుకునేవి కావు. వీరులకు వాటితో పని లేదు. కుర్చీ ఎక్కే ఓపిక కూడా లేని మనిషి తరఫున నిలబడటానికే ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యం అవసరమయింది.

ద్వీపంలో మొదటి మూడు రోజులూ వాన. సగం దుకాణాలు మూసి ఉన్నాయి. పెద్దక్క నిద్రపోయింది. లేచి తిని మళ్లీ నిద్రపోయింది.

"ఇంత దూరం వచ్చి పడుకుంటావా?" అన్నాడు ఆయన.

"ఇంట్లో పడుకుంటే నువ్వు ఉండవుగా," అని అటు తిరిగింది. కాసేపాగి, దుప్పటి అంచు పట్టుకుని, "వీళ్ల రోలరు సరిగా కాగట్లేదు, చూడు ముడతలు," అంది.

నాలుగో రోజు సాయంత్రం వాన వెలిసింది. ఒడ్డున ఎవరూ లేరు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె లోపలికి నడిచింది. మోకాలు దాటింది. నడుం దాకా వెళ్లి ఆగింది. చేతులు పైకెత్తనక్కర లేకుండా నీళ్లే వాటిని మోశాయి.

"ఎలా ఉన్నాయి?" అని అరిచాడు ఆయన.

"ఇంకా చల్లారలేదు! రా!"

ఆయన చెప్పులు అక్కడే పడేసి, ప్యాంటుతోనే దిగాడు.

వారంలో తీరే అలసట కాదది. తిరిగి వచ్చిన రోజే భుజాల్లో సూది మళ్లీ మొదలయింది. కొత్త ఏడాదికి గోడ మీద తీగ లేదు. దాన్ని కట్టిన మేకులు మాత్రం మిగిలాయి. తలుపు పక్కన తెర పెట్టారు. సెలవు ఏ నెలలో కావాలో అందులో నొక్కాలి. నొక్కితే పరిశీలిస్తున్నామని వస్తుంది. ఎవరు పరిశీలిస్తారో, ఎప్పటికి తేలుస్తారో తెర చెప్పదు. అడగడానికి దానికి ముఖం లేదు.

పెద్దక్క చేతులు తుడుచుకుని నొక్కింది.

"మళ్లీ అక్టోబరేనా?" అంది రేడియో భుజం మీదుగా తొంగిచూసి. "వాళ్లు ఇవ్వరే పిచ్చిదానా."

"ఇవ్వకపోతే గేటు అక్కడే ఉందిగా," అంటూ పెద్దక్క రోలరు వైపు నడిచింది. "ముందు ఆ దుప్పటి అందుకో. కాలిపోతోంది."