వంటవ్వ తుడిచిన రేకు

మా హాస్టల్ వంటవ్వ పోయిందని బోధన్ నుంచి కార్డు వచ్చింది. ఆమె కూతురు ఎవరిచేతనో రాయించినట్టుంది, నాలుగే వాక్యాలు. అది నాకు అందేసరికి ఆమె పోయి మూడు రోజులు దాటింది. ఆమె గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా నేను రాయకపోతే ఈ సంగతి ఇంకెవరూ రాయలేరు.

భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడిన కొత్తలో నిజామాబాద్‌లో కొందరు పెద్దలు ఆడపిల్లల కోసం నడిపిన చిన్న హాస్టల్ అది. నేను బడిలో టీచర్‌ని, హాస్టల్‌లో వార్డెన్‌ని. జక్రాన్‌పల్లి, ఏర్గట్ల వైపు రైతుల పిల్లలు ఉండేవాళ్ళు. వంటింటి అరుగు మీద పాత చెక్క పరిచి ఉండేది. ఎంత కడిగినా పులిసిన వాసన పోయేది కాదు. దాని చీలికల్లో బొద్దింకలు కాపురాలు పెట్టాయి. పెద్దల్లో ఒకాయన హైదరాబాద్ నుంచి స్టీలు రేకు తెప్పించి, చెక్క తీసేసి అరుగంతా బిగింపజేశాడు. వంటవ్వ దాని మీద నీళ్ళు చిలకరించింది, తుడిచింది, మళ్ళీ చిలకరించి చూసింది.

"కట్టె తాగుతది టీచరమ్మా. రేకు తాగది," అంది. "గిది కడిగితె కడిగినట్టుంటది."

ఇక ఆ రేకును ఆమె చూసుకున్నట్టు కొత్త కోడలిని కూడా ఎవరూ చూసుకోరు. బూడిదను గుడ్డలో జల్లించి, కుంకుడు రసంలో కలిపి మెత్తగా రుద్దేది. ఒక పిల్ల సాయం చేద్దామని ఇటుక పొడి పట్టుకొస్తే గడప దాటనివ్వలేదు. "గీత పడ్డదనుకో, అండ్ల ఏం దాగుతదో నీకు కానొస్తదా, నాకు కానొస్తదా?" అని కసిరింది. చింతపండు రసం, ఉప్పు పడితే అప్పటికప్పుడు తుడవాల్సిందే. ఏది కోసినా పీట మీదే కోయాలి. పచ్చిది ఏది పెట్టినా తర్వాత మరిగే నీళ్ళు పోసి, ఎండలో ఆరిన గుడ్డతో తుడవాలి. తడిగుడ్డను ఆమె నమ్మేది కాదు. అన్నీ అయ్యాక కళ్ళు మూసుకుని అరచేతిని ఈ చివర నుంచి ఆ చివరకు జరిపేది. ఎక్కడైనా చేయి ఆగితే మళ్ళీ మొదటి నుంచి.

"అద్దంలా మెరుస్తోంది కదవ్వా, ఇంకా ఎందుకు?" అని నవ్వేదాన్ని.

"మెరిసుడు వేరు, సాఫ్ వేరు," అనేది.

రెండు వానాకాలాలు మా పిల్లల్లో ఒక్కరికీ కడుపు చెడలేదు.

మూడో ఏడు ఆషాఢంలో, ఊర పండుగ ఆదివారం నాడు, కూతురి కాన్పుకని ఆమె బోధన్ వెళ్ళింది. సెలవు ఇచ్చింది నేనే. ఒక్కరోజు వంట మేం చేసుకోలేమా అని గొప్పలు పోయింది కూడా నేనే. పండుగకు ఎవరో మేకమాంసం పంపారు. దాన్ని రేకు మీదే కుప్పపోసి అక్కడే కోశాను. చెంబెడు చన్నీళ్ళు పోసి తడిగుడ్డతో తుడిచేశాను. మెరిసింది. అదే రేకు మీద దోసకాయలు తరిగి పెరుగు పచ్చడి కలిపాను. పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి వంటవ్వ తిరిగొచ్చింది. మూట కూడా దించకుండా రేకు మీద అరచేయి పెట్టింది. చేయి జారలేదు.

"టీచరమ్మా, యాట కూర గీ రేకు మీద కోసిండ్రా?"

పిల్లలకు నీళ్ళు పట్టాలంటూ నేను లోపలికి వెళ్ళిపోయాను. బుధవారం పొద్దున ఆస్పత్రిలో ఏర్గట్ల పిల్ల చనిపోయింది. పన్నెండేళ్ళది. జడకు నేను కట్టిన రిబ్బను అలాగే ఉంది.

పెద్దలు వచ్చి వంటింటి బాధ్యత ఎవరిదని అడిగారు. నేను నేల చూపులు చూస్తున్నాను. వంటవ్వ ముందుకొచ్చింది.

"వంటిల్లు నాది, రేకు నాది. సెప్పకుండ పోయిన. తప్పు నాదే."

పిల్ల తండ్రి ఆమె ముఖాన ఉమ్మేశాడు. ఆమె కొంగుతో తుడుచుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. ఆ రేకు అచ్చిరాలేదని పెద్దలు ఊడబీకి పెరట్లో పడేస్తే, తీసుకుపోతానని అడిగి బండి మీద వేయించుకుంది. ఎందుకిలా చెప్పావవ్వా అని అప్పుడు గొణిగాను.

"వండెటోళ్ళు మస్తుమంది దొరుకుతరు. పోరీలకు సదువు జెప్పెటామె మల్ల యాడ దొరుకుతది?"

ఆ తర్వాత ఆమెను ఎవరూ వంటకు పెట్టుకోలేదు. చెరుకు కొట్టే కూలికి పోతోందని విన్నాను. బోధన్ ఎంత దూరమని! ఆమె బతికున్న ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా నేను వెళ్ళలేదు. పిరికిదాన్ని. ఏర్గట్లలో ఆ పిల్ల తండ్రి ఉంటే ఎవరైనా ఆయనకు ఇది చదివి వినిపించండి. మీ బిడ్డ చావుకు కారణం నేను, వంటవ్వ కాదు.

కార్డు అందిన మర్నాడు బోధన్ వెళ్ళాను. పొయ్యి పక్కన ఇటుకల మీద ఆ రేకే ఉంది, నా కత్తి గీతలు తప్ప కొత్త గీత ఒక్కటి లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళ చాయ్ గ్లాసుల మచ్చలు మాత్రం ఉన్నాయి. కూతురితో జరిగిందంతా చెప్పేశాను. చెప్పడం అయ్యాక కూడా ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"మాకెరుకే టీచరమ్మా. టీచరమ్మ ఎన్నడన్న వస్తె ఏమనకు, నీళ్ళు కాగవెట్టియ్యి అన్నది మా అవ్వ."

గ్లాసులు తీసి పక్కన పెట్టింది. నీళ్ళు మరిగాక తెచ్చి ఇచ్చింది, దండెం మీది ఆరిన గుడ్డ కూడా ఇచ్చింది. నేను రేకు మీద నీళ్ళు పోసి, రుద్ది, తుడిచాను. కళ్ళు మూసుకుని అరచేతిని ఈ చివర నుంచి జరిపాను. రేకు ఇంకా వెచ్చగా ఉంది. మధ్యలో ఒకచోట చేయి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.