అతికినవాడు బోటెక్కాలి

ఫిషింగ్ హార్బర్‌లో ఎవరి బోటు ఇంజను హెడ్డు పగిలినా చివరికి కృపాకర్ షెడ్డుకే చేరేది. బీడు ఇనుమును అతకడం అందరివల్లా అయ్యే పని కాదు. తొందరపడితే అతుకు పక్కనే మళ్లీ విచ్చుకుంటుంది. అతను దాన్ని బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, గ్యాసు మంటతో అతికి, వేడి బూడిదలో పూడ్చి, మర్నాటిదాకా ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. యజమానులు ఎంత గింజుకున్నా "ఊఁ" అని బీడీ వెలిగించేవాడు.

ఇంత పనిమంతుడికీ ఒక బెంగ ఉండేది. పద్నాలుగేళ్లుగా బోట్ల మధ్యే బతుకుతూ ఒక్కసారీ సముద్రంలోకి వెళ్లలేదు. భార్య పుష్పకుమారి తండ్రి బోటు డ్రైవరు. తుపానులో చిక్కుకున్న ఆ బోటు తిరిగి రాలేదు. ఎన్నడూ బోటెక్కి సముద్రంలోకి వెళ్లనని అతను బైబిలు మీద చెయ్యేసి చెబితేనే ఆమె పెళ్లికి ఒప్పుకుంది. హెడ్డు అతికినవాడు ఆ తర్వాత బోటు చేసే మొదటి ప్రయాణానికి తోడెళ్లాలన్నది హార్బర్ ఆనవాయితీ. మన కృపాకర్ మాత్రం మోకులు విప్పేలోగా గట్టు మీదికి దూకేసేవాడు. బోటు కనుమరుగయ్యాక కూడా అటే చూస్తూ నిలబడిపోయేవాడు. చూస్తే జాలేసేది, కాస్త నవ్వూ వచ్చేది.

ఎనభై మూడులో వరహాలు అనే యజమాని బోటు హెడ్డు రెండుసార్లు అతికినా, సముద్రంలోకి వెళ్లగానే నీరు కారింది.

"ఈపాలి నువ్వు ఎక్కాల బావా. ఒడ్డుకాడ బాగానే ఉంటంది, లోపలికెల్తేనే దీని రోగం బయటపడతంది," అన్నాడు వరహాలు.

కృపాకర్ ఇంటికెళ్లి భయపడుతూనే చెప్పాడు. పుష్పకుమారి బియ్యం ఏరడం ఆపలేదు. ఏరుతూనే "ఎల్లు" అంది. అతను నమ్మలేక మళ్లీ అడిగాడు.

"ఎల్లమన్నాను గదా," అంది.

తెల్లారేసరికి బోటు హార్బర్ దాటింది. ఇన్నేళ్లూ కలలుగన్న సముద్రం చుట్టూ ఉంది. కానీ ఇంజను వేగం పెరగ్గానే కృపాకర్‌కి అతుకు గుర్తొచ్చింది. ఇంజను గదిలోకి దిగి, అతుకు మీద టార్చి వేసి, ఎక్కడ చెమ్మ కనబడుతుందోనని వంచిన తల ఎత్తలేదు. ఒక్క చుక్కా రాలేదు. ఆ సంతోషంలో పైకి వచ్చేసరికి బోటు తిరిగొచ్చి గట్టుకు ఆనుకుంటోంది.

గట్టు మీద పుష్పకుమారి నిలబడి ఉంది.

"అక్కడ్నుంచి మన ఒడ్డు కనబడతాదా?" అని అడిగింది. "మా నాయిన ఆకరికి మన ఊరు సూసుంటాడో నేదో అని. ఇన్నేళ్లూ నాకదే బెంగ."

ఈ ఒక్క మాట కోసమే ఆమె తనను పంపిందని అతనికి అప్పుడర్థమైంది.

"కనబడింది. లైట్‌హౌసు, ఇళ్లు, అన్నీ," అన్నాడు, ఇంజను తప్ప మరేమీ చూడని కృపాకర్.