రాణుల జత విడదీసిన మధ్యాహ్నం

మొన్నీమధ్య నార్త్ కరోలినా తీరానికి వెళ్ళాం. కారు దిగగానే ఉప్పుగాలి. ఆ గాలిలో ఎక్కడో నూనెలో వేగుతున్న తీపిపిండి వాసన. సముద్రం వెంబడి చెక్కలు పరిచిన నడకదారి మీద నా కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. మా ఆయన ఏదో అడుగుతున్నాడు, నాకు వినపడటం లేదు. ఆ వాసనలో నేను ఎన్నో ఏళ్ళు వెనక్కి, అట్లాంటిక్ సిటీకి వెళ్ళిపోయాను. పక్కన అనసూయ ఆంటీ నడుస్తున్నారు. నీలం కాటన్ చీర, దాని మీద ఉన్ని స్వెటర్, కాళ్ళకు తెల్ల స్నీకర్లు. కొంగు గాలికి ఎగిరి నా భుజానికి తగులుతోంది.

జెర్సీ సిటీలో స్టాటిస్టిక్స్ మాస్టర్స్ చదివేటప్పుడు ఆంటీ వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ ఒకప్పుడు గుంటూరులో కాలేజీలో లెక్కలు చెప్పారు. ఇక్కడికి వచ్చాక ఇన్సూరెన్స్ ఆఫీసులో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. భర్త ప్రసాద్ అంకుల్ సరదా మనిషి. గిన్నెలు తోముతూ పాత పాటలు పాడేవారు, తెలియని పిల్లలను కూడా నవ్వించేవారు. ఆయన్ని పట్టుకున్నది ఒక్కటే: కాసినోలో వీడియో పోకర్ యంత్రం. దాని మూలంగానే ఎడిసన్‌లో సొంత ఇల్లు అమ్ముకుని ఇక్కడికి వచ్చామని ఆంటీయే నాతో చెప్పారు, పప్పుకి తాలింపు పెడుతూ, బయట చలి గురించి చెప్పినంత మామూలుగా.

"వద్దంటే నాకు చెప్పకుండా వెళ్ళేవారమ్మా. అలిగాను, ఏడ్చాను, మాట్లాడటం మానేశాను. ఏదీ పనిచెయ్యలా. చివరికి నేనూ వస్తానన్నాను. నా లెక్క ఒప్పుకున్న రోజే ఆడాలి, లేకపోతే బీచ్‌లో నడిచి ఇంటికి రావాలి. అదొక్కటే షరతు."

"ఒట్టు వేయించుకున్నారా ఆంటీ?"

"ఒట్లు చాలా చూశాలే."

ఆ లెక్కే మా ఇద్దరినీ కలిపింది. యంత్రం తెర మీద ఐదు పేకముక్కలు పంచుతుంది. ఏవి ఉంచుకోవాలో, ఏవి మార్చుకోవాలో ఆడేవాళ్ళు తేల్చుకోవాలి. ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే జాక్‌పాట్. ప్రోగ్రెసివ్ రకంలో ఆ జాక్‌పాట్ ఎవరికీ పడనంతకాలం పెరుగుతూ పోతుంది, యంత్రం నెత్తిన ఎర్రటి అంకెల్లో కనిపిస్తూ ఉంటుంది. అంకుల్ ఆడే ఈ రకంలో ఎంత బాగా ఆడినా, వంద పెడితే సగటున వందకు కాస్త తక్కువే తిరిగొస్తుంది. జాక్‌పాట్ ఒక హద్దు దాటాక మాత్రం సగటు వంద దాటుతుంది. ఆ హద్దు కనుక్కోవడం తేలిక కాదు. జాక్‌పాట్ పెరిగితే ఏ ముక్కలు ఉంచుకోవాలన్నదే మారిపోతుంది, అది మారితే సగటూ మారుతుంది. ఆదివారాలు డైనింగ్ టేబుల్ దగ్గర నేను ప్రోగ్రామ్ రాసేదాన్ని. ఆంటీ కొన్ని ఐదేసి ముక్కల పంపకాలు కాగితం మీద విడిగా లెక్కవేసి నా జవాబులతో సరిచూసేవారు. కిటికీ అవతల హడ్సన్ నది మీద పొగమంచులో పడవలు వెళ్ళేవి. తేడా వస్తే ఇద్దరం టీ పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ప్రొఫెసర్ల దగ్గర నేను సూత్రాలు నేర్చుకున్నాను. ఒక అంకెను నమ్మే ముందు దాన్ని ఎన్ని వైపుల నుంచి తట్టి చూడాలో మాత్రం ఆ టేబుల్ దగ్గరే నేర్చుకున్నాను.

అట్లాంటిక్ సిటీ కాసినోకి వాళ్ళతో నేనూ వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ముందు అందరం ఎర్ర అంకెల వైపు చూసేవాళ్ళం. దాదాపు ఎప్పుడూ అవి హద్దుకు చాలా కిందే ఉండేవి. "ఇవాళ లేదండీ" అనేవారు ఆంటీ. అంకుల్ ముఖం కాసేపు చిన్నబోయేది, జేబుల్లో చేతులు పెట్టుకుని ముందు నడిచేవారు. కాసేపటికి ఐస్‌క్రీమ్ కొనుక్కుని, సీగల్ పక్షుల్ని తిట్టుకుంటూ మళ్ళీ మామూలు మనిషి అయ్యేవారు. ఆ లెక్క ఆడటానికి కాదు, ఆడకుండా ఉండటానికి అని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ఒక వసంతకాలపు మధ్యాహ్నం అంకెలు హద్దు దాటాయి. కొద్దిగా కాదు, బాగా దాటాయి. నేను ఫోన్‌లో ప్రోగ్రామ్ నడిపి చూసి ఎగిరి గంతేశాను.

"ఆంటీ, సగటు వంద దాటింది! ఇగ మనమే గెలుస్తం."

"ఎవరి సగటమ్మా అది?" అన్నారు ఆంటీ మెల్లగా. "ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని ఆడేవాడిది. మీ అంకుల్ చేతిలో ఉన్నది ఒక్క పూట. ఇవాళ పోవడానికే ఎక్కువ అవకాశం."

"మరి వద్దని చెప్పొచ్చు కదా?"

ఆవిడ ముఖం అప్పటికే పాలిపోయి ఉంది. "లెక్క ఒప్పుకుంటే ఆడమని మాటిచ్చాను. ఇవాళ మాట మారిస్తే రేపు నేను వద్దన్నప్పుడు ఆయన ఎందుకు నమ్మాలి?"

ఎంతవరకు ఆడాలో ముందే అనుకున్నారు. అంకుల్ కూర్చున్నారు. నేనూ ఆంటీ వెనక నిలబడ్డాం. ఆ చల్లటి హాల్లో దీపాలన్నీ నీళ్ళ అడుగున వెలుగుతున్నట్టుగా ఉన్నాయి. కాసేపటికి తెర మీద రెండు రాణులు వచ్చాయి. వాటిలో ఒకటి ఆఠీన్ రాణి. దానితోపాటు ఆఠీన్ జాకీ, ఆఠీన్ పది, ఇంకో పనికిరాని ముక్క. రాణుల జత ఉంచుకుంటే పెట్టిన డబ్బు ఎటూ తిరిగొస్తుంది. కానీ జాక్‌పాట్ అంత పెరిగినప్పుడు జత విడదీసి మూడు ఆఠీన్లు ఉంచుకోవాలని మా లెక్క. అంకుల్ వెనక్కి తిరిగారు.

"అనసూయా, రాణిని పంపించెయ్యమంటావా?"

"పంపించండి."

పంపించారు. ఒక కళావరు నాలుగు, ఒక ఇస్పేటు ఏడు వచ్చాయి. "సరిగ్గానే ఆడారు" అన్నారు ఆంటీ. ఆయన తల ఊపారు.

అనుకున్న డబ్బు అయిపోయింది. ఎర్ర అంకెలు ఇంకాస్త పెరిగి అలాగే వెలుగుతున్నాయి. అంకుల్ వేళ్ళు బటన్ మీదే ఉన్నాయి. ఆంటీ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఎంతసేపో తెలియదు. అంకుల్ కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"పదండి, ఆకలేస్తోంది."

బయటికి వచ్చాక ఆంటీ సముద్రం వైపు తిరిగి నిలబడి కొంగుతో ముఖం తుడుచుకున్నారు. గాలి అలా ఉంది మరి అన్నారు. మేం నమ్మినట్టే ఊరుకున్నాం. మళ్ళీసారి వెళ్ళేసరికి ఆ జాక్‌పాట్ ఎవరికో పడిపోయి అంకెలు మొదటికొచ్చాయి. అంకుల్ చూసి, "అమ్మయ్య" అన్నారు. ఆ తర్వాత మెల్లమెల్లగా లోపలికి వెళ్ళడమే మానేశారు. ఒకరోజు నేరుగా నీళ్ళ దగ్గరికే నడిచారు.

నాకు నార్త్ కరోలినాలోని క్యారీలో ఉద్యోగం వచ్చింది, మందుల ట్రయల్స్‌లో లెక్కలు చూసే పని. ఆంటీ వాళ్ళు నేపర్‌విల్‌లో కూతురి దగ్గరికి మారిపోయారు. మాకు పిల్లలు కలగక ఐవీఎఫ్‌కి వెళ్ళినప్పుడు ఫలించే అవకాశం ఎంత శాతమో డాక్టర్ చెప్పింది. ఆ శాతం పట్టుకుని ఆంటీకి ఫోన్ చేశాను.

"అంకె బాగానే ఉంది నవ్యా. నీ ఒళ్ళు, నీ మనసు ఎంతవరకు తట్టుకుంటాయి? అది మొదలుపెట్టకముందే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మధ్యలో అయితే నిజం చెప్పుకోలేరు."

మాట్లాడుకున్నాం. రెండుసార్లు ప్రయత్నించి ఆపేద్దామనుకున్నాం. రెండూ నిలవలేదు. రెండోదీ పోయిన సాయంత్రం ఆంటీకి మళ్ళీ ఫోన్ చేశాను.

"ఇంకోసారి చూస్తే వస్తుందేమో అనిపిస్తోందా?" అన్నారు.

"అనిపిస్తుంది ఆంటీ."

"ఎప్పటికీ అనిపిస్తూనే ఉంటుందమ్మా. అందులో తప్పేం లేదు." ఆ వెంటనే, "ఏమన్నా తిన్నారా ఇద్దరూ?" అన్నారు. తినలేదన్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, బియ్యం కడిగించి, చారు కాచేదాకా పక్కింట్లో ఉన్నట్టుగా మాట్లాడుతూనే ఉన్నారు. ఓదార్పు మాట ఒక్కటీ లేదు.

ఆ మరుసటి ఏడాది ఆంటీ నిద్రలోనే వెళ్ళిపోయారు. మూడోసారి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఏదో ఒక పూట గుర్తొస్తుంది. గుర్తొచ్చినప్పుడు ఆ ఆలోచనను తరిమెయ్యను. దాన్ని కాసేపు పక్కన కూర్చోనిచ్చి, చేస్తున్న పనిలోకి మళ్ళీ వెళ్తాను. మేం ఆగిన చోటికి అవతల ఏముందో మాకు తెలియదు. తెలియకపోయినా నిండుగా బతకవచ్చని నాకు నమ్మకం కలిగించిన మనిషి ఆవిడ.