గంటలో అయ్యే పని

పోయిన వారం నా కారు మా దీవిలోని అబర్డీన్ బజార్ అవతల కొత్తగా తెరిచిన గ్యారేజీకి తీసుకెళ్ళాను. మెకానిక్ బానెట్ ఎత్తి, వంగి చూశాడు. తరవాత పక్కన పనిచేస్తున్న ఇద్దరిని పిలిచి వాళ్ళకీ చూపించాడు. బ్యాటరీ తీగని చేపల వల అల్లే పచ్చదారంతో ఏడెనిమిది ముళ్ళు వేసి కట్టి ఉంది. దాని కింద ఇంజను పక్కన, కారులో ఎక్కడా ఉండకూడనంత పొడుగు బోల్టు ఒకటి ఉంది. “దీదీ, యే గాడీ హై యా బోట్?” అని అడిగాడు. కారో పడవో తేల్చి చెప్పమని. నాకు నవ్వు రావాలి కానీ రాలేదు. పన్నెండేళ్ళ నాటి చిరాకు అరికాలి నుంచి మళ్ళీ పైకి పాకింది.

అప్పుడు నాకు చౌల్దారీ స్కూలుకి బదిలీ అయింది. మా ఆయన ఉద్యోగం నికోబార్‌లో, మూడు నెలలకోసారి షిప్పులో వచ్చిపోయేవాడు. అమ్మ పోయాక ఆస్టినాబాద్ ఇంట్లో నాన్న ఒక్కడే ఉంటున్నాడని నేను ఆయన దగ్గరే ఉండేదాన్ని. రోజూ రెండు బస్సులు మారలేక, మెయిన్‌లాండ్‌కి వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర చిన్న తెల్ల కారు కొన్నాను. మా ఇంట్లో సొంతంగా నాలుగు చక్రాలు రావడం అదే మొదలు. నాన్న ముప్పయ్యేళ్ళు లారీలు తోలాడు కానీ వాటిలో ఒక్కటీ మాది కాదు. కారు బాగానే నడిచింది. ఒకే ఒక్క లోపం, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ వదిలితే లోపల ఎక్కడో టక్కుమనేది. ఎవరో తలుపు కొట్టి పారిపోయినట్టు ఒక్కసారి టక్, మళ్ళీ మలుపు దగ్గర ఇంకోసారి. నేను గ్యారేజీకి ఇస్తానన్నాను. నాన్న ఆ మాటకి నొచ్చుకున్నాడు. ఇంట్లో తను ఉండగా గ్యారేజీ ఎందుకన్నాడు. “ఆదివారం చూస్తాలే అమ్మాయ్. గంటలో అయ్యే పని” అన్నాడు.

ఆ మాటని నేను నమ్మడానికి కారణం ఉంది. నాన్న చెవికి ఈ ఊళ్ళో పేరు ఉండేది. నా చిన్నతనంలో లారీ డ్రైవర్లు ఇంజను ఆపకుండా బండిని మా గేటు ముందు నిలబెట్టి, కాస్త వినమని “భయ్యా, జరా సున్‌నా” అని కేకేసేవాళ్ళు. నాన్న వరండాలో కూర్చుని, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే, కళ్ళు మూసుకుని వినేవాడు. మూడో సిలిండరు అనేవాడు, లేదా బేరింగు పోయింది, ఇంటికి చేరేదాకా ఆపొద్దు అనేవాడు. ఎప్పుడూ తప్పలేదని నేను చెప్పను కానీ తప్పినట్టు ఎవరూ వచ్చి చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే మరో ఇద్దరు దిగారు. ఒకరు మా బావ, అక్క మొగుడు. వాళ్ళది సిక్కోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ చేపల వేట మీద బతికే కుటుంబం. గాలి లేచి బోట్లు ఒడ్డున కట్టేసిన రోజులు కాబట్టి ఆయన చేతికి పని లేదు. బోటు ఇంజను ఆయనకి కొట్టిన పిండి. రెండోవారు పక్కింటి చాచా. దీవుల మధ్య తిరిగే షిప్పులో ఇంజను గదిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చూసిన ఇంజనులో మనిషి నిచ్చెన వేసుకుని దిగేవాడట. నా కారు ఇంజను చూసి ఇది అసలు కుట్టుమిషను కదా అని జాలిపడ్డాడు. ఒకరికి లారీ తెలుసు, ఒకరికి బోటు, ఒకరికి షిప్పు. పెట్రోలు కారు గురించి ముగ్గురికీ ఏమీ తెలియదన్న సంగతి నాకు ఆ పొద్దున తట్టలేదు. టీ పెట్టి ఇచ్చాను కూడా.

తొమ్మిదింటికి మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి పై మూత ఊడింది. నాలుగింటికి ఇంజను పైభాగం, దాన్నే హెడ్ అంటారని ఆ రోజే నేర్చుకున్నాను, మేం బట్టలుతికే బండ మీద డీజిల్‌తో స్నానం చేస్తోంది. దాని కింద ఉండే గాస్కెట్ అనే పల్చటి రేకు ఒకసారి లేపితే మళ్ళీ పనికిరాదు. ఆ సంగతి లేపాక చెప్పారు. ఆ మోడల్ రేకు బజారులో ఏ దుకాణంలోనూ లేదు. చెన్నై నుంచి షిప్పులో రావాలి. షిప్పు ఎప్పుడొస్తుందని అడిగితే చాచా ఆకాశం వైపు చూశాడు.

ఆ రకంగా జూన్ నెలలో నా కారు మా రేకుల షెడ్డులో నీలం టార్పాలిన్ కింద నోరు తెరుచుకుని పడుకుంది. నేను మళ్ళీ తెల్లవారుజామున లేచి బజారు దాకా వెళ్ళి, సీటు కోసం తోసుకుని బస్సెక్కడం మొదలుపెట్టాను. వానాకాలం బస్సులో అందరి గొడుగులూ నా చీర మీదే కారేవి. ఇంటికొస్తే ముగ్గురూ షెడ్డులో ఉండేవాళ్ళు. రేకు వచ్చేదాకా ఊరికే కూర్చోవచ్చు కదా, కూర్చోలేదు. రేడియేటరు విప్పారు. స్టార్టరు విప్పారు. బావ బిగించింది నాన్న మర్నాడు విప్పి చూసేవాడు. నాన్న విప్పింది చాచా తుడిచి వేరే చోట దాచేవాడు. సాయంత్రాలు ముగ్గురూ ఒక నట్టు కోసం వెతికేవాళ్ళు. నా వంటింటి గిన్నెలన్నీ ఒక్కొక్కటే షెడ్డులోకి నడిచివెళ్ళాయి. ఒక రోజు స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా తెరిచాను. లోపల డీజిల్‌లో నానుతున్న స్ప్రింగులు ఉన్నాయి. నా పెరుగన్నం ఇంట్లో షెడ్డు గట్టు మీద ఉండిపోయింది. పక్కన కూర్చునే బెంగాలీ టీచరమ్మ తొంగిచూసి, ఇది ఆంధ్రా వంటా అని హిందీలో చాలా మర్యాదగా అడిగింది.

జూలైలో వచ్చిన రేకు వేరే మోడల్‌ది. రెండోది ఎక్కిన షిప్పు తుఫాను వల్ల చెన్నై వదలడమే ఆలస్యమైంది. నేను అరవడం మానేశాను. అరిచినప్పుడల్లా బావ “అయిపోనాది టీచరమ్మా, ఇంకేటుంది” అనేవాడు. ఆ ముక్క వింటే ఇంకా ఒళ్ళు మండేది. నాన్న మాత్రం నా వైపు చూసి తల ఊపి మళ్ళీ ఇంజనులోకి వంగేవాడు. ఏం అడిగినా తల ఊపడమే. ఇంట్లో టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చునేవాడు. నేను పేపర్లు దిద్దుకుంటూ అది తగ్గించమని కేకేసేదాన్ని. ఇదీ ఆ రోజుల్లో మా సంభాషణ.

సెప్టెంబరులో ఒక శనివారం వాన తెరిపిచ్చింది. కారు మొత్తం బిగించేశారు. అక్క ఈ సంబరానికని చేపల పులుసు వండి తెచ్చింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. చాచా టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నేను కూర్చుని, మొదటి గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాను. టక్.

అదే శబ్దం. మూడు నెలల కిందట ఎక్కడ విన్నానో అక్కడే, అంతే గట్టిగా. నేను తలెత్తి చూశాను. నాన్న బానెట్ దగ్గర నిలబడి నా వైపు చూసి నవ్వుతున్నాడు. “పోయింది, చూశావా” అన్నాడు.

దిగి తలుపు వేశాను. మూడు నెలలు బస్సులో నలిగానని, నా గిన్నెలు పోయాయని, చేతకాకపోతే మొదటిరోజే చెప్పాల్సిందని, నోటికి వచ్చినవన్నీ అన్నాను. ఆఖరికి “ఇంత పెద్ద శబ్దం వినబడట్లేదా నాన్నా మీకు?” అన్నాను.

చాచా చేతిలో గుడ్డని మడత పెట్టడం మొదలుపెట్టాడు. అక్క గిన్నె మూత సర్దింది. నాన్న ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, తరవాత ఎక్కడికి పోవాలో తెలియనట్టు పోయింది. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

బావ నన్ను నీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన ఎప్పుడూ గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినలేదు. “మావకి ఇనబడదు. రెండేళ్ళయింది” అన్నాడు.

మనుషుల మాట కొంత వినబడుతుందట, పెదాలు చూసి మిగతాది పోల్చుకుంటాడట. చిన్న శబ్దాలు అసలు అందవట. ఇంజను శబ్దం నాన్న అడగకుండానే బావ కారు రేకు మీద వేలితో కొట్టి చూపించేవాడు, ఎంత గట్టిగా, ఎంతసేపటికోసారి అని. నాన్న ఆ వేలు చూసి తల ఊపేవాడు. ఈ ఏర్పాటు చాచాకి తెలుసు, అక్కకి తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఎవరికీ చెప్పొద్దని నాన్న ఎప్పుడూ అనలేదట. అనకపోయినా చెప్పకూడదని వీళ్ళకి తెలిసిపోయిందట. “మరయితే ఇంజనంతా ఎందుకు ఇప్పారు బావా?” అన్నాను. నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూశాడు. “ఇనబడనోడు ఇప్పి సూడక ఏటి సేత్తాడు?”

అక్క మాత్రం నన్ను వదల్లేదు. ఒకే ఇంట్లో ఉంటూ నీకు తెలియలేదా అంది. తెలియలేదు. దానికి నేను చాలా రోజులు కారణం వెతుక్కున్నాను. పాతికేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు నాది. ఇంట్లో ఉప్పు అందించమన్నా వెనక బెంచీకి వినబడేలా అంటాను. నా మాట ఆయనకి వినబడుతూనే ఉంది. ఆయనకి వినబడేది దాదాపు నా ఒక్కదాని గొంతే అయినప్పుడు, ఆ గొంతుతో నేను చెప్పిందల్లా టీవీ తగ్గించమని.

నాకు క్షమించమని అడగడం చేతకాదు, మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. మర్నాడు పొద్దున తాళం చెవులు తీసుకుని నాన్న ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా, చౌల్దారీ దాకా పోయొద్దాం రమ్మన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూశాడు. తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది. చెప్పులు వేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

మొదటి ఎత్తు దగ్గర టక్కుమంది. నేను స్టీరింగు మీద వేలితో కొట్టి చూపించాను. నాన్న తల ఊపాడు. కాస్త దూరం పోయాక గేరు రాడ్డు మీద నుంచి నా చెయ్యి తీసేసి తన అరచెయ్యి పెట్టాడు. తరవాత కాళ్ళ దగ్గర నేలకి అరచెయ్యి ఆనించాడు. పోకతోటల పక్కన ఎత్తు మీద ఆపమన్నాడు. దిగి బానెట్ ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి, బ్రేకు మీద కాలు తియ్యకుండా ముందు గేరులో ఒకసారి, వెనక గేరులో ఒకసారి క్లచ్ సగం వదలమన్నాడు. నేను అలాగే చేశాను. అద్దంలోంచి ఆయన ముఖం సగమే కనబడుతోంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. చిన్నప్పుడు వరండాలో చూసిన ముఖం అది.

“ఇంజను తంతోంది. కింద రబ్బరు పోయింది” అన్నాడు. ఇంజనుని బాడీకి ఆనించి పట్టుకునే రబ్బరు ముక్క అది. చిరిగిపోతే క్లచ్ వదిలినప్పుడల్లా ఇంజను ఊగి ఇనుముని కొడుతుంది. హెడ్డుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. వీళ్ళు విప్పిన వాటిలో దేనికీ సంబంధం లేదు. పైనుంచి విప్పుకుంటూ పోయిన ముగ్గురు పెద్దమనుషులు మూడు నెలల్లో ఆ ఒక్క రబ్బరునీ ముట్టుకోలేదు. నాకు ఏడవాలో ఆయన్ని మళ్ళీ తిట్టాలో తెలియలేదు. నాన్న మాత్రం చాలా తృప్తిగా బానెట్ దించి, “చెప్పానుగా, గంట పని” అన్నాడు.

రబ్బరు కూడా షిప్పులోనే రావాలని వేరే చెప్పక్కర్లేదు. అప్పటిదాకా ఉంటుందని బావ పాత లారీ టైరు కోసి ముక్క చేశాడు. దానికి బోటు బోల్టు బిగించాడు. అసలు రబ్బరు నెల తరవాత వచ్చింది కానీ, నడుస్తున్న దాన్ని ఎందుకు కదపడమని ముగ్గురూ ఒక్కమాట మీద నిలబడ్డారు. వాళ్ళు ముగ్గురూ ఏకీభవించిన విషయం నాకు తెలిసి అదొక్కటే.

చెవి మిషను కోసం నాన్నని ఒప్పించడానికి ఏడాది పట్టింది. పెట్టుకున్న మొదటి రోజు వరండాలో కూర్చుని వానకి రేకులు ఇంత గోల చేస్తాయా అని అడిగాడు. తరవాత అలవాటైంది. అక్క దెబ్బలాడటానికి వస్తే తీసి జేబులో వేసుకోవడం ఇంకా బాగా అలవాటైంది. బండి శబ్దం వినడానికి మాత్రం దాన్ని ఎప్పుడూ వాడలేదు. ఇంజను మీద అరచెయ్యి పెట్టేవాడు. మళ్ళీ ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు గేటు దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

నాన్న పోయి అయిదేళ్ళు. ఆ తరవాతి ఏడాది చాచా కూడా పోయాడు. బావ బోటులో తన వాటా ఇచ్చేసి మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో ఉంటున్నాడు. ఆ వానాకాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కరగదు. బస్సు గుర్తొస్తుంది, డీజిల్ వాసన వేసిన గిన్నెలు గుర్తొస్తాయి, పళ్ళు నూరుకుంటాను. అన్నీ మెత్తబడతాయని అంటారు కానీ కాలం నా విషయంలో ఆ పని చెయ్యలేదు. చిరాకుని ఉన్నదున్నట్టు నా దగ్గరే వదిలేసి, ఎవరి మీద పడేదాన్నో వాళ్ళని ఒక్కొక్కరిగా తీసుకుపోతోంది.