మార్తమ్మ గారి చెవుడు

మార్తమ్మ గారికి ఏ మాటా ఒక్కసారికి వినిపించదు. రెండోసారికి సగం వినిపిస్తుంది. మూడోసారి, చెప్పేవాడి మెడ నరాలు పొంగాక, తాపీగా తలూపి, "ఆఁ, అలా సెప్పండి మరి" అంటారు. పలాసలో ఓ ముప్ఫై మంచాల ఆసుపత్రికి ఆవిడ హెడ్‌నర్సు. ఆదివారం చర్చి తప్పితే మిగతా లోకమంతా ఆవిడకి ఆ ఆసుపత్రే.

డాక్టర్ జగదీష్ చదువు ముగించుకుని 1999లో అక్కడ చేరాడు. మాట వేగం ఎక్కువ. మొదటి రోజే ఓ మంచం దగ్గర ఆగి, "ఈయనకి సెలైను పెట్టి, గంటకోసారి బీపీ చూడండి" అని ముందుకు నడిచాడు.

"ఏటి బాబూ? ఇనబళ్ళేదు."

గట్టిగా చెప్పాడు.

"గంటకోసారా? నాకు పూటకోసారని ఇనబడిందేటి!"

"గంటకోసారి!" అని అరిచాడు జగదీష్. పక్క వార్డులో నిద్రపోతున్న చంటిది లేచి ఏడుపందుకుంది. మధ్యాహ్నానికి అతని గొంతు పోయింది. పుక్కిలించడానికి ఉప్పువేసిన వేణ్ణీళ్ళు మార్తమ్మ గారే స్వయంగా తెచ్చిచ్చి, "చిన్న వయసు, గొంతు జాగ్రత్త బాబూ" అన్నారు.

ఆసుపత్రి కిటికీలు ఆటోస్టాండు వైపుకి. డాక్టరు కేకలు విని విని, ఆటో నడిపే మన్మథరావు రెండేళ్ళలో సగం వైద్యుడైపోయాడు. ఆటో ఎక్కిన రోగి "మావా, ఈ బిళ్ళ తినకముందా, తిన్నాకా?" అంటే, వెనక్కి తిరక్కుండానే, "తిన్నాకే. డాక్టరు గారు మూడుసార్లు అరిసేరు కదేటి! నువ్వేటి సేత్తన్నావప్పుడు?" అని కసిరేవాడు.

రోగుల దగ్గరా అదే తంతు. జీడి ఒలిచి ఒలిచి వేళ్ళు నల్లబడ్డ నూకాలమ్మ షుగరు మందులు రాయించుకుని బయటికి రాగానే, మార్తమ్మ గారు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టేవారు.

"డాక్టరు గారేటి సెప్పేరమ్మా? నా పాడు సెవులకి ఇనబళ్ళేదు. నువ్వు సెప్పు."

"పొద్దున తెల్ల బిళ్ళ, రేత్రి పచ్చ బిళ్ళ."

"అలాగా? నాకు పొద్దున పచ్చదని ఇనబడింది. నా సెవుల్ని నమ్మలేం. పద, అడుగుదాం."

ఇద్దరూ మళ్ళీ లోపలికి. పొద్దున పచ్చదే. "నువ్వు ముందు సరిగ్గానే ఇనుంటావులే, నూకాలమ్మా, నేనే నిన్ను తికమక పెట్టేను" అనేవారు మార్తమ్మ గారు. నూకాలమ్మ ఇంటికెళ్ళి, "పాపం ఆ సిస్టరమ్మకి సెవుడు. అన్నీ నానే నేర్పుతున్నాను" అని ఇరుగుపొరుగుకి జాలిగా చెప్పేది.

జగదీష్‌కి మాత్రం జాలి కన్నా విసుగే ఎక్కువ. ఆ విసుగు 2003 వానాకాలంలో తీరింది.

ఆ వారం ఊళ్ళో వాంతులు, విరేచనాలు. వరండాలో కూడా మంచాలే. జగదీష్ రెండు రోజులుగా సరిగ్గా కన్ను మూయలేదు. ఏడో మంచం మీద నడుం పట్టేసిన మనిషికి నొప్పి ఇంజక్షను చెప్పి, ఎనిమిదో మంచానికి వచ్చాడు. అక్కడున్నది కంచిలి దగ్గర కొబ్బరితోటల్లో పనిచేసే కన్నయ్య. కిడ్నీ జబ్బుతో చేరినవాడు.

"నాకూ నడుం పీకేత్తంది బాబూ" అన్నాడు కన్నయ్య.

"ఇతనికీ ఆ ఇంజక్షనే ఇచ్చెయ్యండి."

"ఏ ఇంజక్షను బాబూ?"

"నొప్పి ఇంజక్షనండీ!"

"ఎవరికి?"

"కన్నయ్యకి!"

"ఏ కన్నయ్యకి?"

జగదీష్‌కి ఒళ్ళు మండింది. "ఇక్కడ ఎంతమంది కన్నయ్యలున్నారండీ? ఈ కన్నయ్యకే! కిడ్నీలు దెబ్బతిన్న ఈ కన్నయ్యకి నొప్పి ఇంజ..."

నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. అరిచిన అరుపు తన చెవికే అప్పుడు వినిపించింది. మార్తమ్మ గారు కేసుషీటు మీద కలం ఆనించి, ఏమీ ఎరగనట్టు చూస్తున్నారు.

"ఆ సివర ఇనబళ్ళేదు బాబూ."

"ఆ ఇంజక్షను వద్దు" అన్నాడు నెమ్మదిగా. "కిడ్నీలకి చేటు. పారాసిటమాల్ బిళ్ళ ఇవ్వండి."

"ఆఁ, ఇది శుభ్రంగా ఇనబడింది" అంటూ రాసుకున్నారావిడ.

పదిరోజులకి కన్నయ్య తేరుకుని, తన కాళ్ళ మీద నడిచి ఇంటికెళ్ళాడు. జగదీష్‌కి మాత్రం ఆ పూట గుర్తొచ్చినప్పుడల్లా చేతులు జోడించాలనిపించేది. ఆవిడకి చెవుడు లేకపోయి ఉంటే? ఆ మేలుకి బదులుగా ఏం చెయ్యాలా అని ఆలోచించి, చివరికి ఆవిడ చెవుడు బాగుచేయించాలని తీర్మానించాడు!

"ఈ వయసులో ఎందుకు బాబూ?" అని ఆవిడ నెలరోజులు తప్పించుకున్నారు. చివరికి భర్త శాంతికుమార్ గారిని కూడా బయల్దేరదీసి, ఇద్దర్నీ రైలెక్కించి, విశాఖపట్నంలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. ఆవిడ ఎడతెరిపి లేకుండా నొక్కారు.

చెవుల డాక్టరు కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. "ఈవిడకి మిషనెందుకండీ? ఇరవయ్యేళ్ళ పిల్ల చెవులివి!"

జగదీష్ నోరు తెరిచాడు. శాంతికుమార్ గారు నిట్టూర్చారు. "నేను వంటింట్లో బెల్లంముక్క నోట్లో వేసుకుంటే, పెరట్లోంచి 'షుగరు!' అని అరుస్తాది బాబూ. సెవుడని నీకెవరు సెప్పేరు?"

బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాక జగదీష్ అడిగాడు. "లోపల బొత్తాం నొక్కకుండా ఊరుకోవచ్చుగా మార్తమ్మ గారూ? మీ గుట్టు దాగేది."

"అయ్యో! పరీక్షలో అబద్ధమాడితే ఆ డాక్టరు తప్పు రాయడూ?" అన్నారావిడ నొచ్చుకుంటూ. తర్వాత గ్లాసు పక్కన పెట్టారు.

"ఉద్యోగంలో కొత్తల్లో ఓ డాక్టరు గారు మందు మోతాదు తప్పు సెప్పేరు. 'అది తప్పండీ' అని నలుగురిలో అనీసేను. ఆయనకి కోపం వచ్చీసింది. నన్ను తిట్టడంలో పడి మందు మార్చడం మరిసిపోయేరు. రోగి బతికేడు గానీ నెల్లాళ్ళు అవస్థ పడ్డాడు. తప్పంటే మనిషికి పౌరుషం బాబూ. సెవుడంటే జాలి. జాలిపడి ఇంకోసారి సెబుతారు. సెప్పినప్పుడు తమకే తెలుస్తాది."

"మరి రోగుల దగ్గరెందుకు?"

"అర్థం కాలేదని సెప్పడానికి ఆళ్ళకి సిగ్గు. ఆ సిగ్గేదో నేనే పడితే పోలేదా?"

జగదీష్ ఇంకో టీ చెప్పి, గ్లాసు తన చేత్తోనే ఆవిడకి అందించాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు.

సోమవారం సిబ్బందినందర్నీ పిలిచాడు. "నాదో లోపం ఉంది. తొందరలో మాటలు మింగేస్తాను. కాబట్టి ఇకనుంచి నేను ఏ మందు చెప్పినా, విన్నవాళ్ళు రోగి పేరుతో సహా నాకు తిరిగి చెప్పాలి. నేను అవునన్నాకే ఇవ్వాలి" అన్నాడు. అదే మాట కాగితం మీద రాసి వార్డు గోడకి అంటించాడు. వెనక వరసలో మార్తమ్మ గారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ ఆసుపత్రిలో మందులు తారుమారవడం దాదాపు ఆగిపోయింది.

నెలనెలా పరీక్షకి వచ్చే కన్నయ్య మాత్రం, వరండాలో కొత్త రోగులు కనిపిస్తే దగ్గరికి జరిగి గొంతు తగ్గించి చెప్పేవాడు.

"సూడండి, ఈళ్ళిద్దరూ దేవుళ్ళు. కానీ ఆ సిస్టరమ్మకి సెవుడు, ఈ డాక్టరు గారికేమో మాట తడబాటు. పాపం, మనమే కూసింత సర్దుకుని, అన్నీ రెండేసిసార్లు అడగాల."